పశువుల తొట్టికి ఫ్లోట్ వాల్వ్ పెట్టాలా, రోజూ కడిగి నింపుకోవడమే మేలా?

పల్నాడు పాడి:
ఆరు ముర్రా గేదెలు, రెండు ఆవులు. పాత గాబు పగిలింది, కొట్టం పక్కన 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు తొట్టి కట్టిద్దామనుకుంటున్నా. అంటే దాదాపు 900 లీటర్లు. దానికి ఫ్లోట్ వాల్వ్ (నీళ్లు తగ్గితే తెరుచుకుని, నిండగానే తానే మూసుకునేది) పెట్టి ఎప్పుడూ నిండుగా ఉంచాలని నా ఆలోచన. నాన్న మాత్రం "నిలవ నీళ్లు గేదె మూతి పెట్టదు, పొద్దునా సాయంత్రం తాపితే చాలు" అంటున్నారు. మీరేమంటారు?

గోలెం రైతు, సిద్దిపేట:
మీ నాన్న మాటే నాదీ తమ్ముడూ. వాల్వ్ పెట్టాక తొట్టి ఎన్నడూ ఖాళీ కాదు, ఖాళీ కాని తొట్టిని ఎవరూ కడగరు. అడుగున తవుడు, గడ్డి పరకలు కుళ్లి, గోడలకు నాచు పడుతుంది. ఇంకో మాట. ఎదురుగా నిలబడి నీళ్లు తాపితే ఏ బర్రె ఎంత తాగిందో కంటికి కనబడుతుంది. జ్వరం వచ్చే బర్రె ముందు నీళ్లు, మేత మీద మనసు తప్పుతుంది. వాల్వ్ ఉన్న కొట్టంలో అది పాలు తగ్గాక గానీ తెలియదు. పైగా బర్రె ఆ ఫ్లోట్‌ను కొమ్ముతో లాగి ఎన్నాళ్లు ఉంచుతుంది?

పశువైద్యుడు:
గమనించడం గురించి అన్న చెప్పింది నిజం. కానీ రెండు పూటలే నీళ్లు అంటే ఒప్పుకోను. గేదె పాలలో సుమారు 83 శాతం, ఆవు పాలలో 87 శాతం నీరే. పాలిచ్చే గేదె రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పాలు పిండిన వెంటనే ఒకసారి, ఎండుగడ్డి తిన్నాక ఒకసారి దప్పిక వేస్తుంది. ఆ సమయానికి నీళ్లు లేకపోతే ముందు మేత తగ్గుతుంది, తర్వాత పాలు తగ్గుతాయి. మే నెలలో మధ్యాహ్నం కట్టేసిన గేదె ముందు నీళ్లు లేకపోవడం మామూలు అలవాటుగా చూడకూడదు.

బోరు, పైపుల పని:
వాల్వ్ చెడ్డది కాదండీ, బిగించడంలోనే ఉంది తేడా. బోరు మోటారు పైపుకు నేరుగా ఫ్లోట్ పెట్టొద్దు. అది మూసుకున్నాక మోటారు ఊరికే తిరిగి పైపు జాయింట్లు ఊడతాయి. ఐదారడుగుల ఎత్తు దిమ్మె మీద సింటెక్స్ ట్యాంకు పెట్టి, దాన్నుంచి తొట్టికి లైను తీయండి. ఆంధ్రలో వ్యవసాయ కరెంటు పగలు 9 గంటలే కాబట్టి ఆ నిల్వ ఎలాగూ కావాలి. ఇళ్లలో వాడే అరంగుళం వాల్వ్ వద్దు, ధార సన్నగా వస్తుంది, ఎనిమిది ఒకేసారి మూతి పెడితే అందదు. తక్కువ ప్రెషర్‌కు పనిచేసే ఒక అంగుళం రకం అడగండి. తొట్టి చివర అడుగున్నర జాగా అడ్డుగోడతో వేరు చేసి, గోడ అడుగున నీళ్లు పారే కంత ఉంచి, వాల్వ్ అందులో పెట్టి పైన బండ మూయండి. కొమ్ము అందదు. ఫ్లోట్‌కు ముందు ఒక గేట్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే కడిగేటప్పుడు నీళ్లు వస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం: డ్రిప్ కోసం వెంచురీతో (ఎరువు ద్రావణాన్ని పైపులోకి లాగే పరికరం) యూరియా కలిపే లైను నుంచి తొట్టికి కనెక్షన్ ఇవ్వొద్దు.

పశువైద్యుడు:
ఈ చివరి మాట నూటికి నూరు పాళ్లు నిజం. యూరియా కలిసిన నీళ్లు తాగితే పొట్టలో అమ్మోనియా తయారై గంటల్లోనే ప్రాణం పోతుంది. ఎరువు కలిపిన బకెట్ తొట్టిలో ముంచడం కూడా అంతే ప్రమాదం.

గోలెం రైతు, సిద్దిపేట:
మా దగ్గర కరెంటు 24 గంటలు. ట్యాంకు, దిమ్మె, వాల్వ్ ఖర్చు నాకెందుకు? మధ్యాహ్నం ఒకసారి మోటారు వేస్తే మూడు పూటలు అవుతుంది. డాక్టర్ గారి దప్పిక లెక్కా తీరుతుంది.

పశువైద్యుడు:
మూడో పూట మీరు ఇంట్లో ఉంటేనే కదా అన్నా! పెళ్లికి వెళ్లిన రోజు?

కోళ్లూ మేకలూ:
తొట్టిలో గంబూసియా చేపలు వేస్తే కడిగే పనే ఉండదంటారు, నిజమేనా?

పశువైద్యుడు:
అవి దోమ పిల్లల్ని తింటాయి, అడుగున కుళ్లిన తవుడును కాదు. వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, చీపురుతో రుద్ది, ఆరనిస్తే దోమా ఉండదు, చేపా అక్కర్లేదు. ఆరిన గోడలకు లోపల సున్నం వేసి, అది ఎండాక ఒకసారి కడిగి నింపండి, నాచు నెమ్మదిస్తుంది. పైన నీడ ఉంటే ఇంకా మంచిది. కుడితి మాత్రం వేరే గాబులో పెట్టండి, మంచినీళ్ల తొట్టిలో పోయొద్దు.

పల్నాడు పాడి:
నాన్నకు చదివి వినిపించా. వాల్వ్‌కు సరేనన్నారు, కానీ పొద్దున పూట వాల్వ్ కట్టేసి ఆయనే దగ్గరుండి తాపుతారట. తొట్టి కూడా సగం సైజు చాలంటున్నారు, పై ట్యాంకు ఉంది కాబట్టి. మేస్త్రీ రేపు వస్తాడు. డ్రెయిన్ పైపు 2 అంగుళాలు సరిపోతుందా?

బోరు, పైపుల పని:
3 పెట్టించండి, గడ్డి పరకలు 2లో ఇరుక్కుంటాయి. తొట్టి అడుగు భాగం వాలు డ్రెయిన్ వైపే ఉండాలి. పైపు చివర కొట్టం ముందు వదిలేయకండి, గడ్డి మడి దాకా తీసుకెళ్లండి.