15 వేల యూరోల్లో సెకండ్ హ్యాండ్ కారు: బెంజా, బీఎండబ్ల్యూనా, ఆడినా?

నెకర్‌గట్టు:
స్టుట్‌గార్ట్ వచ్చి మూడేళ్లయింది. పాప పుట్టాక ఇక కారు తప్పేలా లేదు. రోజుకి 40 కిలోమీటర్ల తిరుగుడు. మా ఊళ్లో బెంజ్ వస్తే చూడ్డానికి జనం పోగయ్యేవాళ్లు, ఇక్కడేమో టాక్సీలే అవి. నాకు బీఎండబ్ల్యూ మీద మనసు. బెంజ్ వాళ్ల సొంతూళ్లో ఉండి మ్యూనిక్ వాళ్ల బీఎండబ్ల్యూ కొంటావా అని ఆఫీసులో ఏడిపిస్తున్నారు. రిపేర్ల గోల తక్కువ ఉండేది ఏదండీ?

పాతబానెట్:
పదకొండేళ్లలో మూడు పాత జర్మన్ బండ్లు నడిపాను, అందులో ఒకటి నన్ను ముంచింది. అది ఏ కంపెనీదో చెప్పను గానీ, ఇంటింటికో మట్టిపొయ్యి. బీఎండబ్ల్యూ ఎన్47 అనే డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పే గొలుసు) గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ ఖరీదు ఎంతని, దాన్ని అందుకోవడానికి అయ్యే కూలీయే నడ్డి విరుస్తుంది. 2010 ప్రాంతపు ఆడి రెండు లీటర్ల టర్బో పెట్రోళ్లలో చాలావాటికి ఆయిల్ తాగే జబ్బు. బెంజ్ ఎం272 అనే తొలి వీ6 ఇంజన్లలో, వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లు అరిగేవి. అందుకని ముందు ఎన్47, ఎం272 లాంటి ఇంజన్ కోడ్ కనుక్కోండి.

నేను మునిగింది ఎక్కడంటే, ట్యూఫ్ (ఇక్కడి బండి ఫిట్‌నెస్ తనిఖీ) కొత్తగా అయిందన్న మాట విని సంబరపడ్డాను. వాళ్లు బ్రేకులు, లైట్లు, తుప్పు, పొగ చూస్తారు, ఇంజన్ విప్పి చైన్ ఎంత సాగిందో చూడరు కదా! నాలుగు నెలలకి 3,200 యూరోల బిల్లు.

ఇప్పుడు ఎవరడిగినా పొద్దున్నే వెళ్లమంటాను. స్టార్ట్ చేయకముందే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చైన్ చప్పుడు వినపడకుండా అమ్మేవాడు ముందే ఓ రౌండ్ తిప్పాడన్నమాట. చల్లగా ఉంటే అద్దం దించి, రేడియో ఆపి స్టార్ట్ చేయండి. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటే దండం పెట్టి వచ్చేయండి.

నాలుగురింగులు:
అన్నా, వినమన్నారు కాబట్టి ఒక ముచ్చట. ఆగస్ట్ హోర్ఖ్ 1909లో సొంత కంపెనీ నుంచి బయటికొచ్చి ఇంకోటి పెడితే, తన పేరే వాడుకోవద్దన్నారు. హోర్ఖ్ అంటే జర్మన్‌లో ‘విను’. దాన్ని లాటిన్‌లోకి మారిస్తే ‘ఆడి’ అయింది. ఆ ఆడి తర్వాత కలిసిపోయిన ఆటో యూనియన్ కంపెనీ 1958లో బెంజ్ వాళ్ల చేతికొచ్చింది, తర్వాత ఫోక్స్‌వాగన్‌కి అమ్మేశారు. 1959లో బెంజ్ వాళ్లే బీఎండబ్ల్యూని కూడా మింగబోతే చిన్న షేర్‌హోల్డర్లు, డీలర్లు అడ్డం పడ్డారు. ముగ్గురూ దాయాదులే అని మీ ఆఫీసువాళ్లకి చెప్పండి.

చక్రవాకం:
డీలర్ దగ్గరైతే లోపాలకి కనీసం ఏడాది బాధ్యత వాళ్లది. ప్రైవేటుగా కొంటే ‘చూసింది చూసినట్టే’ అని రాయించుకుంటారు. ఇన్సూరెన్స్ కూడా మోడల్‌ని బట్టి మారుతుంది, కొనకముందే లెక్క వేయించండి.

నెకర్‌గట్టు:
శనివారం ఎనిమిదిన్నరకి ఒక బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ చూడ్డానికి వెళ్లాను. బానెట్ కాలుతోంది! ఇప్పుడే పాలకి వెళ్లొచ్చానన్నాడు. మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. రేపు ఎస్లింగెన్‌లో ఒక బెంజ్ సీ క్లాస్ చూస్తున్నా, సర్వీస్ బుక్‌లో స్టాంపులన్నీ ఉన్నాయట. పాతబానెట్ గారూ, ఇంజన్ కోడ్ పెడతాను, ఒకసారి చూసి చెప్పరూ?