సాగర్ డ్యాం మోడల్: లేజర్ పీసులన్నీ అతికిస్తే 23 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది, తప్పెక్కడ?

నల్గొండ నుంచి:
అన్నా, తల పట్టుకుని కూర్చున్నా. నాగార్జునసాగర్ స్పిల్‌వే (నీళ్లు వదిలే గేట్లున్న భాగం) వరకే 1:500లో చేస్తున్నాను. 26 గేట్లు, గేటు వెడల్పు 45 అడుగులు, రెండు గేట్ల మధ్య పియర్ (స్తంభం) 15 అడుగులు, అంటే మొత్తం 1545 అడుగులు, మోడల్‌లో 942 మి.మీ. రావాలి. పియర్‌కు 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన షీట్) మూడు పొరలు అతికించాను, గేట్లు కూడా ఎండీఎఫ్‌లోనే కోయించి, ఒక చివర నుంచి గేటు, పియర్, గేటు, పియర్ అని వరసగా పెట్టుకుంటూ పోయాను. చివరికి 919 దగ్గర ఆగింది. లేజర్ షాపాయనను అడిగితే మిషన్ కరెక్టే, నీ డ్రాయింగే తప్పు అంటున్నాడు. డ్రాయింగ్ నాలుగుసార్లు చూసుకున్నా, తప్పు దొరకలేదు. రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

పాలమూరు నుంచి:
షీట్ మందం వెర్నియర్‌తో కొలిచావా? 3 అని బిల్లు మీద ఉంటుంది, షీట్ మీద ఉండదు.

నల్గొండ నుంచి:
ఇప్పుడే కొలిచా. 2.8 ఉంది. ఒక మూల 2.75.

పాలమూరు నుంచి:
దొరికింది. 15 అడుగుల పియర్ నీ స్కేల్‌లో 9.14. మూడు పొరలు కలిపితే నీకొచ్చింది 8.4. ఒక్కో పియర్‌లో 0.74 పోయింది, పియర్లు 25, అంటే 18.5 మి.మీ. అక్కడే పోయింది. మిగిలిన నాలుగున్నర మి.మీ. గేట్లలో పోయింది. లేజర్ గీత మీదుగా పోతూ కొంత చెక్కను కాల్చేస్తుంది కదా, ఆ సందునే కెర్ఫ్ అంటారు. నువ్వు 27.43 అని గీస్తే, రెండు పక్కలా సగం సగం పోయి పీసు చిన్నదవుతుంది. నాలుగున్నరను 26తో భాగించు, 0.17 వస్తుంది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మిషన్‌కు అది మామూలే. కాబట్టి షాపాయనదీ తప్పు కాదు, నీ డ్రాయింగూ తప్పు కాదు, షీటును అడగకుండా గీశావు, అంతే.

నమ్మకం లేకపోతే అదే షీట్ ముక్క మీద 100 మి.మీ. పొడవు పట్టీ గీసి, పది సమాన ముక్కలుగా కోయించు. ముక్కలన్నీ దగ్గరగా జరిపి కొలువు. ఎంత తగ్గిందో దాన్ని పదితో భాగిస్తే నీ కెర్ఫ్. షీట్ మారినా, పవర్ మారినా, లెన్స్ తుడవకపోయినా ఆ అంకె మారుతుంది, అందుకని ప్రతిసారీ ఈ పట్టీ ముందు కోయించాల్సిందే.

మిర్యాలగూడ నుంచి:
లెక్క సరే గానీ తమ్ముడూ, అసలు వరసగా అతికించుకుంటూ పోవడమే తప్పు. గోడ కట్టే మేస్త్రీ కూడా ఇటుక మీద ఇటుక కొలుచుకుంటూ పోడు, దారం కడతాడు. కింద ఒక బేస్ ప్లేట్ కోయించు. అందులో ప్రతి 36.58 మి.మీ.కు ఒక స్లాట్, అది సరిగ్గా 60 అడుగులు, గేటూ పియరూ కలిపి. పియర్‌లో నడిమి పొరకు మాత్రమే కింద నాలుక పెట్టు, పక్క రెండు పొరలూ స్లాట్‌ను మూసేస్తాయి. అప్పుడు ఒక పియర్ సన్నగా ఉన్నా ఆ తేడా అక్కడితో ఆగుతుంది, పక్కదానికి పోదు. స్లాట్ మాత్రం 2.8 గీయకు. లేజర్ దాన్ని పెద్దది చేస్తుంది కాబట్టి 2.62 గీయి, బిగుతుగా దిగుతుంది. తగ్గిన 0.74కు పియర్ రెండు పక్కలా పెళ్లి కార్డు అట్ట అతికించు, మా ఇంట్లో ఉన్నవి కొలిస్తే 0.35 వచ్చాయి. ఈ సీజన్‌లో కార్డులకు కరువా!

ఇంకోటి. ఫైల్ మూలన 100 మి.మీ. చదరం ఒకటి గీసి ఇవ్వు. డీఎక్స్ఎఫ్ ఫైల్ (నీ డ్రాయింగ్ ఫైల్) తెరిచేటప్పుడు షాపులో మిల్లీమీటర్ బదులు అంగుళం నొక్కితే కథ మారిపోతుంది. కోసే ముందు ఆ చదరం 100 చూపిస్తోందో లేదో చూడమను.

నల్గొండ నుంచి:
అక్కా థాంక్స్. గేట్లు వంపుగా ఉంటాయి కదా, అవి ఫోమ్ షీట్‌లో కోసిస్తానంటున్నాడు, చవకట.

మిర్యాలగూడ నుంచి:
వద్దు! సన్‌బోర్డు, ఫోమ్ షీట్ పేరుతో అమ్మేవి చాలావరకు పీవీసీ. లేజర్ పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు చేటు, మిషన్ అద్దాలు, పట్టాలు కూడా తుప్పు పడతాయి. గేట్లకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఐవరీ కార్డు అట్ట చాలు, తక్కువ పవర్‌లో కోయించి, కొంచెం తడి చేసి పైపుకు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఆరబెట్టు.

దేవరకొండ నుంచి:
మధ్యలో వస్తున్నా. నా దగ్గర చిన్న డయోడ్ లేజర్ ఉంది, రిజర్వాయర్ నీళ్లకు పారదర్శక అక్రిలిక్ దాంతో కోయొచ్చా?

పాలమూరు నుంచి:
నీలి డయోడ్ వెలుగు అందులోంచి దూరి అవతలికి పోతుంది, కోయదు. సీఓటూ కావాలి. కోసేటప్పుడు పై కాగితం పీకొద్దు. అతికించేటప్పుడు ఫెవిక్విక్ వాడితే చుట్టూ తెల్లటి పొగలా పడుతుంది.

నల్గొండ నుంచి (నాలుగు రోజుల తర్వాత):
పట్టీ 98.2 వచ్చింది, అంటే కెర్ఫ్ 0.18. బేస్ ప్లేట్ కోయించాను, పాత పియర్లలో సగం ఊడదీసి వాడుకున్నా, మిగతావి జిగురు దగ్గర విరిగాయి. మొత్తం 941.5. ఈసారి ఎండీఎఫ్ మీద మాస్కింగ్ టేప్ వేయించాను, మసి అంతా టేపుతోనే పోయింది. ఇక గేట్లు ఎత్తినట్టు పెట్టాలనుంది, దూకే నీళ్లు ఎట్ల చేయాలి?

మిర్యాలగూడ నుంచి:
ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) సన్నటి పట్టీలుగా కోసి వంచి, మీద పారదర్శక సిలికాన్ రాసి టూత్‌పిక్‌తో పైనుంచి కిందికి గీతలు లాగు. ఆరాక కింద అంచున తెల్ల రంగు పొడి బ్రష్‌తో తాటించు. ముందు ఒక్క గేటుకు చేసి ఫోటో పెట్టు.