కుండీలో లెట్యూస్: మూడుసార్లు విత్తినా మొలవట్లేదు

చిగురు:
పన్నెండు రోజులైంది, ఒక్క మొలకా పైకి రాలేదు. ఇది మూడోసారి. విత్తనాలు కొత్తవే, ప్యాకెట్ మీద తేదీ కూడా చూశాను. అర అంగుళం లోతున వేసి, మట్టి కప్పి, రోజూ నీళ్ళు చల్లుతున్నాను. మధ్యాహ్నానికి బాల్కనీలో 33 డిగ్రీలు ఉంటోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పండి.

మట్టివాసన:
లోతు ఒకటి, వేడి ఒకటి. లెట్యూస్‌లో చాలా రకాల విత్తనాలకు మొలవడానికి వెలుతురు కావాలి. ముందే తడిపిన మట్టి మీద చల్లి, వేలితో మెల్లగా అదమండి. పైన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కనీకనపడనంత పల్చగా రాల్చితే చాలు. వేడి సంగతికొస్తే, 15 నుంచి 20 డిగ్రీల్లో చక్కగా మొలుస్తుంది. 30 దాటితే మంచి విత్తనం కూడా మొలకెత్తకుండా అలాగే ఉండిపోతుంది. అందుకే విత్తనాన్ని అనుమానించకండి.

పచ్చతీగ:
వేడి రోజుల్లో నేను ఫ్రిజ్‌నే నమ్ముకుంటాను. తడిపి పిండేసిన టిష్యూ మడతలో విత్తనాలు పెట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి (ఫ్రీజర్‌లో వద్దు). తర్వాత తీసి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట పెట్టి, రోజూ విప్పి చూడండి. గింజ కొసన సూదిమొనంత తెల్లటి వేరు కనిపించగానే, తడి అగ్గిపుల్లతో ఎత్తి కుండీలోకి మార్చేయండి. ఆలస్యం చేస్తే వేరు టిష్యూలోకి దిగి, లాగినప్పుడు తెగిపోతుంది.

చిగురు:
ఈరోజే మొదలుపెడతాను. ఇంకో భయం కూడా ఉంది. పోయినేడు మొలిచినవి సన్నగా సాగి పడిపోయాయి.

ఆకుపచ్చ:
సాగడం వెలుతురు చాలకే. మొలక కనిపించిన రోజు నుంచే ఉదయపు ఎండ తగలాలి. పడిపోయిన మొక్కల్లో కాడ మట్టి దగ్గర దారంలా నొక్కుకుపోయి, నీరు పట్టినట్టు ఉందా? ఉంటే అది నారుకుళ్ళు. నాకు ఒక్క రాత్రిలో ట్రే మొత్తం పోయింది. అప్పటి నుంచి పల్చగా విత్తుతున్నాను, ట్రేని నీళ్ళ పళ్ళెంలో పెట్టి అడుగు నుంచే తడుపుతున్నాను, పైమట్టి తడిసిందనగానే పళ్ళెంలోంచి తీసేస్తున్నాను. కుండీ లోతు 15 సెంటీమీటర్లు చాలు, వేళ్ళు పైపైనే ఉంటాయి. వెడల్పు మాత్రం కావాలి, మొక్కకీ మొక్కకీ జానెడు దూరం ఉంచండి.

మట్టివాసన:
ఆకులు కోసేటప్పుడు బయటివి మాత్రమే తీసి, నడి చిగురు వదిలేయండి, మళ్ళీ మళ్ళీ వస్తాయి. వేడి పెరిగితే షేడ్ నెట్ (ఎండ తగ్గించే వల) కట్టండి. నడిమి కాడ పైకి లేస్తోందంటే పూతకు వస్తున్నట్టు. అప్పుడు తుంచితే పాలు కారతాయి, ఆకు చేదెక్కుతుంది.

పచ్చతీగ:
కాడ లేచాక తల తుంచినా లాభం లేదండీ, నేను చేసి చూశాను. ఆ మొక్కను తీసేసి, రెండు వారాలకోసారి కొత్తగా కొన్ని గింజలు వేసుకోవడమే నయం.

చిగురు:
ఫ్రిజ్‌లోంచి తీసిన రెండో రోజుకే 20 గింజల్లో 14 వేరు వేశాయి! కుండీలోకి మార్చాను, ఈ ఉదయం రెండేసి ఆకులు విప్పుకున్నాయి. పాత కుండీలో మట్టి కింద ఉన్నవి ఇంకా అలాగే ఉన్నాయి.