అమెరికా బ్యాండ్ ‘హ్యాట్ ట్రిక్’ నిజంగా బలహీనమైన ఆల్బమేనా?

మారేడ్‌పల్లి_టేపులు: ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో ‘హ్యాట్ ట్రిక్’ (1973) 8-ట్రాక్ కాట్రిడ్జ్ (క్యాసెట్ కన్నా పెద్ద డబ్బాలో వచ్చే పాతకాలపు పాటల టేపు) దొరికింది. లోపలి స్పాంజ్ పొడి పొడి అయిపోతే మార్చాను, టేపు అతుకు మీద ఊడిపోయిన రేకు ముక్క కొత్తది వేశాను. రాత్రి రెండుసార్లు విన్నాను. 1972లో ‘ఎ హార్స్ విత్ నో నేమ్’తో అమెరికా చార్ట్‌లో నంబర్ వన్ కొట్టినవాళ్ల ఆల్బమ్ 28వ స్థానం దగ్గర ఆగిందని దీన్ని పక్కన పడేశారు. టైటిల్ పాట ఎనిమిది నిమిషాల పైనే. వెనక గొంతుల్లో బీచ్ బాయ్స్ బ్యాండ్ గాయకుడు కార్ల్ విల్సన్ ఉన్నాడు. ‘గ్రీన్ మంకీ’లో గిటార్ రాక్ గిటారిస్టు జో వాల్ష్‌ది. ఇది బలహీనమైన ఆల్బమ్ ఎలా అవుతుంది?

కోఠి_కాపీ: గొప్పవాళ్లు వచ్చి వాయిస్తే పాట గొప్పదైపోదు సార్. సింగిల్‌గా వదిలిన ‘మస్క్‌రాట్ లవ్’ వాళ్లు రాసింది కూడా కాదు. ఈ ఆల్బమ్ తర్వాతే కదా ప్రొడక్షన్ బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ చేతిలో పెట్టారు! అయినా 8-ట్రాక్ మీద తీర్పా? టేపులోని నాలుగు ప్రోగ్రామ్‌లకు (భాగాలకు) సరిపోయేలా పాటల వరుస మార్చేసేవాళ్లు, కొన్నిసార్లు పాటను మధ్యలో తెంపేవాళ్లు.

మారేడ్‌పల్లి_టేపులు: సెకనుకు మూడు ముప్పావు అంగుళాలు నడుస్తుంది. క్యాసెట్‌కు రెండింతల వేగం.

కోఠి_కాపీ: వేగం ఒక్కటే చాలదు. ప్రోగ్రామ్ మారినప్పుడల్లా టేపును చదివే హెడ్ పైకీ కిందికీ జరగాలి. కాస్త తేడా వస్తే పక్క ట్రాక్ పాట కూడా వినిపిస్తుంది.

మారేడ్‌పల్లి_టేపులు: నా ప్లేయర్‌లో హెడ్ సరిచేశాను. క్యాసెట్ కాపీలో విన్నవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

సికింద్రాబాద్_వయా: వేగం గొడవ వదిలేయండి. ‘రెయిన్‌బో సాంగ్’ గురించి ఎవరైనా మాట్లాడండి.

కోఠి_కాపీ: ‘క్యాసెట్ కాపీలో విన్నవాళ్లకు’ అన్నారే, ఇదిగో, అసలు మాట బయటికొచ్చింది. డిగ్రీ చదివేటప్పుడు కోఠిలో ఒక షాపులో లిస్టు రాసిచ్చి, అరవై నిమిషాల క్యాసెట్‌లో ఈ ఆల్బమ్ ఎక్కించుకున్నాను. మిగిలిన చోట ఏవో పాటలు నింపిచ్చారు. రెండేళ్లు అదే విన్నాను. ఒరిజినల్ ఉన్న ఒకాయన ఇంటికి వెళ్తే షెల్ఫ్ దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇప్పుడు మీరూ అదే అంటున్నారు. టేపు ఉన్నవాళ్లకే చెవులుంటాయా?

మారేడ్‌పల్లి_టేపులు: ఆ మాట అనకూడదు, తప్పు నాదే. నేను ఊళ్లో లేనప్పుడు మా నాన్నగారి టేపులన్నీ కిలోల లెక్కన పాత సామాన్లవాడికి వేసేశారు. అందులో ఇదీ ఉండేది. అందుకే దీన్ని ఎవరైనా చెత్త అంటే తట్టుకోలేను.

కోఠి_కాపీ: మీ బాధ అర్థమైంది. కానీ అది నాన్నగారి మీద ప్రేమ, ఆల్బమ్ బలం కాదు.

సికింద్రాబాద్_వయా: అన్నా, మరి మీ కోపం ఆ షెల్ఫ్ మీదా, ఈ పాటల మీదా?

కోఠి_కాపీ: … కొంత షెల్ఫ్ మీదే. ‘షీ ఈజ్ గోనా లెట్ యూ డౌన్’ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. టైటిల్ పాట మాత్రం ఎప్పుడూ సాగదీసినట్టే అనిపించింది.

మారేడ్‌పల్లి_టేపులు: దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి రేపు పంపిస్తాను. ఆ ఒక్క పాట మళ్లీ వినండి.

కోఠి_కాపీ: పంపండి. అప్పుడు కూడా నచ్చలేదంటే నెపం నా క్యాసెట్ మీద వేయొద్దు.