ఆఫీసులో ఎవరి సీటు వాళ్లకి ఉండాలా, రోజుకో సీటు చాలా?

రాత్రిషిఫ్టు:
మా ఆఫీసు హైటెక్ సిటీలో. ఈమధ్య అందరి సీట్లూ ఎత్తేశారు. ముందురోజే యాప్‌లో బుక్ చేసుకోవాలి, వెళ్లేటప్పుడు బల్ల ఖాళీ చేసి పోవాలి. వినాయకుడి బొమ్మ, టీ కప్పు, ఛార్జరు అన్నీ లాకర్లోకే. మా టీమంతా తలో ఫ్లోరులో కూర్చుంటున్నాం. నా ఓటు సొంత సీటుకే. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
అద్దె ఎవరు కడతారండీ? నేను ఫైనాన్స్‌లో ఉంటాను. వారానికి రెండ్రోజులు వచ్చే మనిషికి వారమంతా ఒక బల్ల, ఏసీ, కరెంటు. శుక్రవారం వచ్చి చూడండి, ఫ్లోరంతా బోసిగా ఉంటుంది. ఇంటి నుంచి పనీ కావాలి, ఆఫీసులో కుర్చీ కూడా ఎదురుచూస్తూ ఉండాలి అంటే ఎలా?

రాత్రిషిఫ్టు:
పొద్దున సీటు వెతుక్కునే టైము, పనిచేయని మానిటర్ కేబులు, ఎవరో కిందికి దించేసిన కుర్చీ... ఇవి కూడా రాయండి సార్ మీ లెక్కల్లో.

పాతకాగితం:
ఇది పాత ప్రయోగమే. 1990ల్లో లాస్ ఏంజెలెస్‌లో షియట్ డే అనే యాడ్ ఏజెన్సీ సొంత బల్లలు తీసేసింది. పొద్దున వచ్చి కౌంటర్లో ల్యాప్‌టాప్, ఫోను తీసుకుని దొరికిన చోట కూర్చోవాలి. అవి అందరికీ సరిపోక గొడవలు. కాగితాలు పెట్టుకునే చోటు లేక కార్ల డిక్కీలే బీరువాలయ్యాయి. కొన్నేళ్లకే ఆ పద్ధతి మానుకున్నారు.
ఇంకోటి, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం వచ్చింది. మొక్కలు, బొమ్మలు తమకు నచ్చినట్టు సర్దుకోనిచ్చిన వాళ్లు, ఖాళీ బల్ల దగ్గర కూర్చున్న వాళ్లకంటే బాగా పనిచేశారు. కొందరు సర్దుకున్నాక పరిశోధకులు వచ్చి అదంతా మార్చేశారు. అంతే, ఆ లాభం కాస్తా పోయింది. మొక్క అదే, బల్ల అదే. పెట్టిన చెయ్యి వేరు.

లెక్కలమాస్టారు:
ఒక్క అధ్యయనం చూసి బిల్డింగు అద్దెకి తీసుకోలేం కదండీ.

నెల్లూరమ్మాయి:
మగవాళ్లు మాట్లాడుతున్నారు కాబట్టి నాదొక మాట. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో మావారికి బెడ్‌రూమ్‌లో టేబులు, తలుపు వేసుకునే వీలు. నాకు డైనింగ్ టేబులు. కాల్ మధ్యలో అత్తయ్యగారు చిక్కుడుకాయలు తెచ్చి పక్కనే ఒలుస్తారు, బాబు హోంవర్కూ అక్కడే. ఇంట్లో నేను సర్దని అల్మరా లేదు, కానీ నాది అనే సొరుగూ లేదు. ఆఫీసులో ఉండేది. అందులో ఒక చీప్ హ్యాండ్ క్రీము, రెండు చాక్లెట్లు, అమ్మ ఫోటో. ఎవరూ తెరిచేవాళ్లు కాదు. ఇప్పుడు అదీ లేదు. లాకరు ఉంది కదా అంటారు, లాకరు ముందు కూర్చుని పనిచేస్తామా?

పోచంపల్లోడు:
అక్కా, బాగా చెప్పినవ్. కానీ సొంత జాగాకు ఇంకో ముఖం ఉంది. మా నాయనది గుంట మగ్గం. పెడళ్లు ఆయన కాళ్లకు సరిపోయేటట్టు పెట్టుకున్నడు, ఇంకొకరి మగ్గం మీద కూసోడు. వానలు పడితే గుంటలకు నీళ్లొస్తయి, పని బంద్. ఎత్తు మీద పెట్టే స్టాండు మగ్గానికి మారు అంటే వినడు.

లెక్కలమాస్టారు:
చూశారా, అదే నేను చెప్పేది. సరే, ఒక దారి ఉంది. వారంలో నాలుగు రోజులు వచ్చేవాళ్లకి సొంత సీటు ఇద్దాం, మిగతావాళ్లు బుక్ చేసుకుంటారు.

నెల్లూరమ్మాయి:
బాబుకి జ్వరం వస్తే ఆ వారం నేను రెండ్రోజులే వస్తాను సార్. అప్పుడు నా సీటు తీసేస్తారా?