పక్షపత్రికకు వెబ్‌సైటు: వర్డ్‌ప్రెస్సా, వ్యాగ్‌టెయిలా, జాంగోలో సొంతంగా రాసుకోవాలా?

కొండారెడ్డిబురుజు

మా మామ కర్నూలులో ఒక చిన్న పక్షపత్రిక నడుపుతున్నాడు. పంటలు, మార్కెట్ యార్డు రేట్లు, కేసీ కెనాల్‌కు నీళ్లెప్పుడు, పల్లె వార్తలు, చివర్లో ఒక సాహిత్య పేజీ, అంతే. ఇప్పుడు దానికి వెబ్‌సైటు కావాలంటున్నాడు. ఇంట్లో కోడు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పని నా నెత్తిన పడింది. పైథాన్‌తో సైట్లు కట్టే జాంగో నాకు బాగానే వచ్చు, వర్డ్‌ప్రెస్‌ను రాసిన పీహెచ్‌పీ భాష రాదు, ఇప్పుడు కూర్చుని నేర్చుకునే ఓపిక కూడా లేదు.

వాడబోయేది మామ, ఆఫీసులో డీటీపీ చేసే అక్క, ఆదోని, ఆలూరు, నంద్యాల వైపు ఉన్న కంట్రిబ్యూటర్లు. ఇప్పుడైతే వాళ్లు వార్తలు వాట్సాప్‌లో పంపుతారు, అక్క పేజ్‌మేకర్‌లో పేజీ కడుతుంది. వెబ్‌సైటులో మాత్రం కంట్రిబ్యూటర్లే నేరుగా రాయాలి, మామ చూసి సరే అన్నాకే బయటికి రావాలి.

వర్డ్‌ప్రెస్ పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. జాంగో మీద ముందే కట్టి ఉన్న సీఎంఎస్ (రాతలు ఎక్కించి, దిద్ది, పబ్లిష్ చేసే సాఫ్ట్‌వేర్), అంటే వ్యాగ్‌టెయిల్, జాంగో సీఎంఎస్ లాంటివి తీసుకోవచ్చు. లేదా నేనే రాయొచ్చు. నా మనసు మూడోదాని మీదే ఉంది. డేటా ఎక్కించడానికి జాంగోతో పాటే వచ్చే అడ్మిన్ ఎలాగూ ఉంది కదా, దానికి ఒక మంచి టెక్స్ట్ ఎడిటర్ తగిలిస్తే సీఎంఎస్ అయిపోయినట్టే కదా? ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పెన్నఒడ్డు

కడప నుంచి. ముందుగా ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. రేపు నీకు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం వస్తుంది, ఆ సైటును ఎవరు చూస్తారప్పా? వర్డ్‌ప్రెస్ అయితే మీ ఊళ్లోనే ఏ సందులో అడిగినా తెలిసినవాడు దొరుకుతాడు. నువ్వు రాసిన జాంగో కోడు నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు, ఏడాది తర్వాత నీకే తెలియదు.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, అడ్మిన్ మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో నడుస్తుంది. నువ్వు అడిగిన కంట్రిబ్యూటర్, ఎడిటర్ పద్ధతి దాంట్లో ముందే ఉంది. కంట్రిబ్యూటర్ రాసి పెడతాడు కానీ పబ్లిష్ చేయలేడు, ఎడిటర్ చేస్తాడు. దీనికి నువ్వు ఒక్క లైను కోడు కూడా రాయక్కర్లేదు. ప్లగిన్లు (పైన తగిలించే అదనపు ప్రోగ్రాములు) మాత్రం తక్కువ పెట్టు, వర్డ్‌ప్రెస్ సైట్లు హ్యాక్ అయ్యాయంటే చాలాసార్లు అప్‌డేట్ చేయని ప్లగిన్ల వల్లే.

చీనీతోట

పెన్నఒడ్డు అన్న అడిగింది న్యాయమైన ప్రశ్న. పీహెచ్‌పీ రానివాడి చేతిలో వర్డ్‌ప్రెస్ పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. ప్రతి చిన్న అవసరానికీ ఒక ప్లగిన్ వెతుకుతాడు. ఆయన వద్దన్నదే జరుగుతుంది.

నేను అనంతపురంలో ఉంటా, జాంగోలోనే పని. నీ మూడో దారి గురించి ముందు చెప్తా, ఎందుకంటే అక్కడే అందరూ ఇరుక్కుంటారు. జాంగో పుట్టిందే ఒక పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊరు, అక్కడి లారెన్స్ జర్నల్-వరల్డ్ పత్రిక వెబ్ టీము తమ పని కోసం రాసుకున్నది 2005 జులైలో అందరికీ విడుదలైంది. వార్తలు ఎక్కించేవాళ్లకు ఫారాలు మళ్లీ మళ్లీ రాయకుండా ఉండాలనే ఆ అడ్మిన్. కాబట్టి నీకు వచ్చిన ఆలోచన తప్పేం కాదు. అయితే అడ్మిన్ బలం డేటా దగ్గర. టేబుల్లో వరుసలు చేర్చడం, దిద్దడం, వెతకడం. రాసే మనిషికి కావలసింది వేరు. డ్రాఫ్ట్ ఉండాలి, పబ్లిష్ చేయకముందే పేజీ ఎలా కనిపిస్తుందో చూడాలి, నిన్న రాసిందాన్ని ఎవరో చెరిపేస్తే వెనక్కి తేగలగాలి, ఫొటో ఒకసారి ఎక్కిస్తే పది చోట్ల వేర్వేరు సైజుల్లో రావాలి, ఉగాది సంచిక పొద్దున ఆరుకు తనంతట తనే తెరుచుకోవాలి. ఒక్కొక్కటీ చూస్తే చిన్న పనే, రెండు రోజుల్లో రాసేయొచ్చనిపిస్తుంది. అన్నీ కలిస్తే నువ్వు పత్రికకు సైటు చేయడం మానేసి సీఎంఎస్ తయారుచేస్తూ కూర్చుంటావు, మామ మాత్రం వాట్సాప్‌లోనే ఉంటాడు.

ఎడిటర్ తగిలిస్తా అన్నావు కాబట్టి ఇంకొకటి. పాత ట్యుటోరియల్స్ అన్నీ జాంగో-సీకేఎడిటర్ పెట్టమంటాయి. దాంట్లో ఉన్నది సీకేఎడిటర్ 4, దాని ఉచిత వెర్షన్‌కు 2023తో సపోర్ట్ అయిపోయింది. కొత్త సైటును దానితో మొదలుపెట్టొద్దు.

నేనైతే వ్యాగ్‌టెయిల్ తీసుకుంటా. బ్రిటన్‌లో టార్చ్‌బాక్స్ అనే కంపెనీ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ సైటు కోసం చేసి 2014లో ఓపెన్ సోర్స్‌గా వదిలింది. పైన చెప్పిన డ్రాఫ్టు, ప్రివ్యూ, పాత ప్రతులు, టైము పెట్టి పబ్లిష్ చేయడం, ఎడిటర్ ఆమోదం అన్నీ అందులోనే ఉన్నాయి. జాంగో సీఎంఎస్ కూడా మంచిదే, కానీ పేజీ మీదే అక్కడక్కడా నొక్కి దిద్దుకోవాలనుకునేవాళ్లకు అది నచ్చుతుంది. వార్త ఒక ఫారంలో రాసి పంపేవాళ్లకు వ్యాగ్‌టెయిల్ సులువు.

కోడు రాయాలన్న నీ సరదా తీరడానికి చోటు వేరే ఉంది. మార్కెట్ రేట్లు. వాటిని వ్యాసంలో టేబుల్‌గా టైపు చేయించొద్దు. మామూలు జాంగో మోడల్ (డేటాబేస్ టేబుల్‌కు నమూనా) రాయి. యార్డు, పంట, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర (ఎక్కువగా పలికిన ధర). కొలత కూడా తప్పకుండా పెట్టు. మీ కర్నూలు యార్డులో ఉల్లి క్వింటాలు లెక్క, మా అనంతపురంలో చీనీ టన్ను లెక్క, రెండూ ఒకే కాలమ్‌లో పడితే రైతు చూసి నవ్వుతాడు. ఇది వ్యాగ్‌టెయిల్ లోపలే స్నిపెట్‌గా (పేజీ కాని విడి డేటాగా) కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆదోని పత్తి గత ఏడాది ఇదే నెలలో ఎంత పలికిందో గ్రాఫు వేసి చూపించావంటే, మీ సైటుకు జనం వచ్చేది దానికోసమే.

జిల్లాల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకో. వార్తకు జిల్లా పేరు ట్యాగుగా కొట్టించొద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశారు కదా, ఆళ్లగడ్డ, బనగానపల్లె నంద్యాల జిల్లాలోకి పోయాయి, ఇటు ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. జిల్లా పేరుతో ట్యాగులు పెట్టుకున్న సైట్లలో పాత ఆళ్లగడ్డ వార్తలు ఇప్పటికీ కర్నూలు కిందే పడి ఉంటాయి. వార్తను మండలానికి కట్టు, మండలాన్ని జిల్లాకు కట్టు. రేపు మళ్లీ మార్చినా మండలాల టేబుల్లో నాలుగు వరుసలు దిద్దితే చాలు.

కొండారెడ్డిబురుజు

అన్నా, చాలా థ్యాంక్స్. రేట్ల గురించి నేను అలా ఆలోచించనే లేదు. నిన్న రాత్రి జాంగోలో ఊరికే ఒక మోడల్ రాసి చూశా, తెలుగు హెడ్డింగ్ ఇస్తే స్లగ్ (వెబ్ అడ్రసులో వచ్చే వార్త పేరు) ఖాళీగా వస్తోంది. యూనికోడ్ ఆన్ చేస్తే "కర్నూలు" కాస్తా "కరనల" అయింది! ఇది నాకొక్కడికేనా?

చీనీతోట

అందరికీ అంతే. మామూలుగా స్లగ్ తయారుచేసే జాంగో స్లగిఫై ఇంగ్లిష్ అక్షరాలు కానివన్నీ తీసేస్తుంది. యూనికోడ్ అనుమతించినా పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాలను పోల్చి చూసే సూత్రం) గుణింతం గుర్తులనీ, పొల్లునీ, సున్ననీ అక్షరాలుగా లెక్కపెట్టదు, వాటిని ఊడ్చేస్తుంది. అనంతపురం "అనతపర" అవుతుంది, ఆదోని "ఆదన" అవుతుంది. కడపకు మాత్రం ఏమీ కాదు, దాంట్లో గుణింతమే లేదు కాబట్టి. పెన్నఒడ్డు అన్న అదృష్టవంతుడు. నువ్వే చేత్తో సరిగ్గా టైపు చేసినా స్లగ్ ఫీల్డు ఒప్పుకోదు, అక్కడ చెక్ చేసేది కూడా అలాంటి ఎక్స్‌ప్రెషనే.

నేను తెలుగు యూఆర్ఎల్ జోలికే పోను. తేదీ, నంబరు, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలు, అంతే. వ్యాగ్‌టెయిల్‌లో స్లగ్ మనమే మార్చుకోవచ్చు, కానీ కంట్రిబ్యూటర్‌కు ఆ పని అప్పజెప్పొద్దు, పేజీ సేవ్ అయ్యేటప్పుడు కోడుతో నువ్వే పెట్టు.

పెన్నఒడ్డు

మా కడప బాగుందన్నందుకు సంతోషం. వర్డ్‌ప్రెస్‌లో కూడా ఈ తలనొప్పి వేరే రూపంలో ఉంది, దాచడం ఎందుకు. అక్కడ తెలుగు స్లగ్ శాతం గుర్తులతో కోడు అయిపోతుంది, ఒక్కో గుర్తుకు తొమ్మిది క్యారెక్టర్లు. డేటాబేస్‌లో స్లగ్ కాలమ్ సైజు 200 క్యారెక్టర్లు. అంటే అక్షరం, గుణింతం, వత్తు అన్నీ కలిపి 22 దగ్గర హెడ్డింగ్ తెగిపోతుంది. వాట్సాప్‌లో లింకు పెడితే గజిబిజిగా ఒక పేరా అంత కనిపిస్తుంది. కాబట్టి ఏది తీసుకున్నా స్లగ్ ఇంగ్లిష్‌లోనే పెట్టు.

వ్యాగ్‌టెయిల్ మీద నాకు ఒక అనుమానం. వ్యాసాన్ని బ్లాకులుగా రాయించే దాని స్ట్రీమ్‌ఫీల్డ్ అంతా జేసన్ అనే డేటా రూపంలో దాస్తుందట కదా, రేపు వేరే దాంట్లోకి మారాలంటే?

చీనీతోట

నిజమే, అది చూసుకోవాల్సిన విషయమే. స్ట్రీమ్‌ఫీల్డ్ దొరికిందని ఇరవై రకాల బ్లాకులు చేస్తారు కొందరు, తర్వాత వాళ్లే ఏడుస్తారు. పేరా, ఫొటో దాని క్యాప్షన్, కోట్, ఈ మూడు చాలు పక్షపత్రికకు. మూడే ఉంటే బయటికి తీసే స్క్రిప్టు ఒక పూట పని. ఇంకా సరళంగా కావాలంటే వ్యాసానికి మామూలు రిచ్ టెక్స్ట్ ఫీల్డు ఒక్కటే పెట్టుకో.

అక్షరశాల

ప్రొద్దుటూరులో డీటీపీ సెంటర్ మాది. మీరంతా కోడు గురించి మాట్లాడుతున్నారు, ఆ డీటీపీ అక్క గురించి ఎవరూ అడగలేదు. తమ్ముడూ, ఆమె పేజ్‌మేకర్‌లో కొట్టేది అను ఫాంట్లలోనే అయ్యుంటుంది. అది యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టి ఉంటాయి. కాపీ చేసి సైటులో పేస్టు చేస్తే పిచ్చి గీతలే వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక వత్తులు, క్రావడులు ఒకసారి మనిషి చూడాల్సిందే. ఈ రోజు నుంచి కొత్తవి యూనికోడ్‌లో కొట్టమని చెప్పు, అవసరమైతే యూనికోడ్ నుంచి అనులోకి మార్చి పేజీలో పెట్టుకుంటుంది. అటు నుంచి ఇటు కన్నా ఇటు నుంచి అటు తేలిక, తప్పులు అచ్చుకు ముందే ప్రూఫులో దొరుకుతాయి.

పాత సంచికలన్నీ మార్చాలని కూర్చోవద్దు. పీడీఎఫ్ చేసి ఎక్కించు. వాటిలోని అక్షరాలు వెతికితే దొరకవు కాబట్టి ప్రతి సంచికకూ హెడ్డింగులు, రాసినవాళ్ల పేర్లు మాత్రం యూనికోడ్‌లో కొట్టించు. సాహిత్య పేజీ కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అది చాలు.

కొండారెడ్డిబురుజు

అక్కా, అనునే. మీరు చెప్పకపోతే సైటంతా చేశాక తెలిసేది. సరే, వ్యాగ్‌టెయిల్, రేట్లకు నా మోడల్, పాతవి పీడీఎఫ్‌లు. సెర్చ్‌కు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్న ఫుల్ టెక్స్ట్ సరిపోతుందా?

చీనీతోట

దాంట్లో మాట మూలరూపం పట్టే ఏర్పాటు తమిళానికి, హిందీకి ఉంది, తెలుగుకు లేదు. "కర్నూలులో", "కర్నూలుకు", "కర్నూలు" దానికి మూడు వేర్వేరు మాటలు. మీ సైజు పత్రికకు హెడ్డింగులోనూ వ్యాసంలోనూ మామూలు ఐకంటెయిన్స్‌తో (ఆ అక్షరాలు ఎక్కడున్నా పట్టే జాంగో పద్ధతి) వెతికితే చాలు, "కర్నూలు" కొడితే మూడూ దొరుకుతాయి. బోలెడు వ్యాసాలు పోగై నెమ్మదించినప్పుడు చూసుకుందువు.

జాంగో 5.2 మీద మొదలుపెట్టు. అది ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్), 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

పెన్నఒడ్డు

సరే, నా మాట వినలేదు, పర్లేదు. ఇదొక్కటి విను. డొమైన్, సర్వర్ అకౌంట్ రెండూ మామ పేరు మీద, మామ మెయిల్‌తో కొను. నీ జీమెయిల్‌తో కాదు. మాకు తెలిసిన ఒక పత్రికవాళ్ల డొమైన్ సైటు చేసిన కుర్రాడి పేరు మీద ఉండిపోయింది, వాడు ఫోన్ ఎత్తడు, రెన్యువల్ తేదీ దాటిపోయింది, ఇప్పుడు ఆ పేరుతో ఇంకెవరిదో ప్రకటనల పేజీ తెరుచుకుంటోంది. డేటాబేస్‌తో పాటు ఫొటోల ఫోల్డర్ కూడా రోజూ బ్యాకప్ తీసి ఆ సర్వర్‌లో కాకుండా ఇంకో చోట పెట్టు. వీపీఎస్‌లో (అద్దెకు తీసుకుని మనమే చూసుకునే సర్వర్) జాంగో సైటును నడిపే జీయునికార్న్, ఎన్‌జిన్‌ఎక్స్ ప్రోగ్రాములు నువ్వే నడుపుతావు కాబట్టి ఇవన్నీ ఎలా మొదలుపెట్టాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి మామ బీరువాలో పెట్టు, నిజంగా చెప్తున్నా.

కొండారెడ్డిబురుజు

మామ మెయిల్ పాస్‌వర్డ్ కూడా నాకే తెలుసు అన్నా, ఆయనకు తెలియదు. ముందు అది సరిచేస్తా.