1971 ‘గంగా’ విమానం హైజాక్: రెండు ప్రభుత్వాల కథనాల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న (తిరుపతి, గ్రూప్-1 అభ్యర్థి)

అందరికీ నమస్కారం. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధానికి ముందు జరిగిన పరిణామాలను చదువుతూ ఒక సంఘటన దగ్గర ఆగిపోయాను. పెద్దల సలహా కోసం ఇక్కడ అడుగుతున్నాను.

1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం ‘గంగా’ను హాషిమ్ ఖురేషీ, అష్రఫ్ ఖురేషీ అనే ఇద్దరు కాశ్మీరీ యువకులు లాహోర్‌కు మళ్లించారు. వాళ్ల దగ్గర ఉన్నవి ఒక బొమ్మ పిస్తోలు, చెక్కతో చేసిన ఒక గ్రెనేడు మాత్రమే. జైళ్లలో ఉన్న తమ సహచరులను విడిచిపెట్టాలని అడిగారు. ప్రయాణికులను రోడ్డు మార్గాన మన దేశానికి పంపించాక, ఫిబ్రవరి మొదట్లో విమానాన్ని లాహోర్‌లోనే తగలబెట్టారు. ఫిబ్రవరి 4న భారత ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలు మన గగనతలం మీదుగా ఎగరకుండా నిషేధం విధించింది. దాంతో పశ్చిమ పాకిస్తాన్ నుంచి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్)లోని ఢాకా వెళ్లే విమానాలన్నీ శ్రీలంక చుట్టూ తిరిగి, కొలంబోలో ఇంధనం నింపుకొని, దాదాపు రెట్టింపు దూరం వెళ్లవలసి వచ్చింది.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చేయించినవారెవరన్న దగ్గరే వస్తోంది. ఇది పాకిస్తాన్ ప్రోత్సాహంతో జరిగిందని అప్పటి మన ప్రభుత్వం చెప్పింది. ఇది భారత గూఢచారులే ఆడించిన నాటకమని పాకిస్తాన్ విచారణ కమిషన్ చెప్పింది. నేను వెళ్లే కోచింగ్ తరగతిలో మాత్రం, హైజాక్‌ను మన విదేశీ గూఢచార సంస్థ ‘రా’ నడిపించిందనీ, తూర్పు పాకిస్తాన్‌కు సైన్యం చేరకుండా చేయడానికే ఇదంతా చేసిందనీ, ఏ సందేహానికీ తావు లేనట్టు నోట్సు రాయించారు. ఆధారమేమిటని అడిగితే, “లాభం ఎవరికి కలిగిందో చూసుకో” అన్నారు. ఆ సమాధానం నాకు మింగుడుపడలేదు. రెండు ప్రభుత్వాల మాటనూ శంకించవలసి వచ్చినప్పుడు విద్యార్థి దేన్ని పట్టుకుని ముందుకు వెళ్లాలి?

సమాధానం 1 (చిత్తూరు, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

నాయనా, నీ అనుమానం సరైనదే. లాభం ఎవరికి కలిగిందన్న ప్రశ్న ఎక్కడ వెతకాలో చెబుతుంది గాని, ఏం దొరికిందో చెప్పదు. తిరుమలలో రద్దీ పెరిగితే తిరుపతి లాడ్జీల వాళ్లకు లాభమే, అంతమాత్రాన ఆ రద్దీని వాళ్లు పుట్టించారని ఎవరూ అనరు.

ముందుగా ఎవరు ఏ రోజు ఏం మాట్లాడారో వరుసగా రాసుకో. విమానం లాహోర్‌లో దిగినప్పుడు అక్కడి జనం ఆ ఇద్దరినీ వీరులుగా కీర్తించారు. పశ్చిమ పాకిస్తాన్ నాయకుడు జుల్ఫికర్ అలీ భుట్టో విమానాశ్రయానికి వెళ్లి వాళ్లతో స్వయంగా మాట్లాడారు. ఢాకాలో షేక్ ముజీబుర్ రహమాన్ మాత్రం విమానాన్ని తగలబెట్టడాన్ని తప్పుపట్టి విచారణ కోరారు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 గెలిచి, అధికారం ఎప్పుడు చేతికొస్తుందా అని ఆయన పార్టీ ఎదురుచూస్తున్న రోజులవి. ఈ గొడవను సాకుగా చూపి అధికార మార్పిడిని ఆపుతారని ఆయన భయం. మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం విరుచుకుపడిన తీరు చూస్తే ఆ భయం ఉత్తది కాదని తెలుస్తుంది.

మన నిషేధం వచ్చి, దాని దెబ్బ ఎంతటిదో తెలిసిన తర్వాతే, ఆ ఇద్దరూ వీరులు కారు, భారత ఏజెంట్లు అన్న మాట పాకిస్తాన్ ప్రభుత్వం వైపు నుంచి బలంగా వినిపించింది. జస్టిస్ నూరుల్ ఆరిఫిన్ కమిషన్ కూడా అదే తేల్చింది. ఆ ఇద్దరి వెనుక ఉన్న కాశ్మీరీ సంస్థ నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ నాయకుడు మక్బూల్ భట్‌తో పాటు ఎంతోమందిని నిర్బంధించారు. నిన్నటిదాకా మోసిన వాళ్లను నేడు తోసిపుచ్చవలసిన అవసరం ఆ ప్రభుత్వానికి వచ్చింది గనుక, కమిషన్ మాటను ఆ అవసరంతో కలిపే చదవాలి. మన ప్రభుత్వ ప్రకటననైనా అంతే జాగ్రత్తతో చదవాలి.

ఇక అక్కడి ప్రత్యేక న్యాయస్థానం 1973లో ఇచ్చిన తీర్పు చూడు. చాలామంది బయటపడ్డారు, హాషిమ్ ఖురేషీకి మాత్రమే సుదీర్ఘ జైలుశిక్ష పడింది. పక్కపక్కనే నిలబడి అదే పని చేసిన అష్రఫ్ విడుదలయ్యాడు. కుట్ర భారత్‌దే అయితే ఈ తేడా ఎందుకు వచ్చిందో కమిషన్ కథనంతో పొసగించడం కష్టం. నా దృష్టిలో ఆ కథనంలో కనిపించే అతిపెద్ద బీట ఇదే.

సమాధానం 2 (శ్రీకాళహస్తి)

పెద్దాయన మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మీరు పాకిస్తాన్ కథనంలోని బీటను చూపించారు, మన కథనంలోని బీటలను దాటేశారు. హైజాక్‌కు కొన్ని నెలల ముందు హాషిమ్ సరిహద్దు దాటి వస్తూ బీఎస్‌ఎఫ్‌కు చిక్కాడు. మిగతా కుట్రదారులను పట్టిస్తానని నమ్మబలికి బయటపడ్డాడు. అంటే హైజాక్ ఆలోచన ఉందన్న సంగతి మన వాళ్ల చెవిన ముందే పడింది. తెలిసి కూడా అతను శ్రీనగర్‌లో విమానం ఎలా ఎక్కగలిగాడు? ‘గంగా’ అప్పటికే పాతబడి పక్కన పెట్టిన విమానమనీ, మళ్లీ తెచ్చి ఆ మార్గంలో వేశారనీ ఒక వాదన ఉంది. నిషేధం రోజుల వ్యవధిలోనే వచ్చింది. పైగా మన మాజీ గూఢచార అధికారులు కొందరు ఇది మన పనేనని తర్వాత రాసుకున్నారు. ఇన్ని కలిసివచ్చినప్పుడు యాదృచ్ఛికం అనడం నాకు చేతకావడం లేదు.

సమాధానం 3 (తిరుపతి, న్యాయవాది)

ఈ చర్చలో ప్రతిసారీ “అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్ వైపే తీర్పు చెప్పింది కదా” అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట రాకముందే వివరణ ఇస్తున్నాను.

గగనతల నిషేధం అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందాలకు విరుద్ధమంటూ పాకిస్తాన్ 1971 మార్చిలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మండలికి ఫిర్యాదు చేసింది. 1965 యుద్ధం తర్వాత ఆ ఒప్పందాలు మన రెండు దేశాల మధ్య మునుపటిలా అమలులో లేవనీ, కాబట్టి ఈ ఫిర్యాదును విచారించే అధికారమే మండలికి లేదనీ భారత్ వాదించింది. మండలి ఆ వాదనను ఒప్పుకోకపోవడంతో మన ప్రభుత్వం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి అప్పీలు చేసుకుంది. 1972 ఆగస్టు 18న వచ్చిన తీర్పులో, విచారణాధికారం మండలికి ఉందని 14 మంది న్యాయమూర్తులు, లేదని ఇద్దరు అభిప్రాయపడ్డారు.

న్యాయస్థానం తేల్చింది విచారణాధికారం గురించి మాత్రమే. నిషేధం చెల్లుతుందా లేదా అన్నది అక్కడ తేలలేదు, హైజాక్ ఎవరు చేయించారన్న జోలికి న్యాయమూర్తులు వెళ్లనే లేదు. మండలి ముందున్న అసలు ఫిర్యాదు కూడా తుది నిర్ణయం దాకా రాకుండానే, 1976లో రెండు దేశాలూ విమాన రాకపోకలను పునరుద్ధరించుకున్నప్పుడు ముగిసిపోయింది. కనుక ‘గంగా’ వెనుక ఎవరున్నారన్న ప్రశ్నకు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి సాక్ష్యం విన్న అంతర్జాతీయ వేదిక ఏదీ లేదు. హైజాకింగ్ నిరోధానికి హేగ్‌లోనే 1970 డిసెంబరు 16న దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేసి అప్పటికి ఆరు వారాలే అయింది. అది అమలులోకి వచ్చింది 1971 అక్టోబరులో.

సమాధానం 4 (రేణిగుంట)

అధికారిక వివరణను శంకించడంలో కూడా రకాలున్నాయని చెప్పడానికి ఐసీ-814ను గుర్తుచేస్తున్నాను. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి రావలసిన ఆ విమానం అమృత్‌సర్‌లో దిగి, ముప్పావుగంటకు పైగా రన్‌వే మీద ఉండి, ఇంధనం నింపుకోకుండానే లేచిపోయింది. లాహోర్, దుబాయి దాటి కాందహార్ చేరింది. ప్రయాణికుడు రుపిన్ కత్యాల్ ప్రాణం పోయింది. డిసెంబరు 31న ముగ్గురు ఉగ్రవాదులను అప్పగించవలసి వచ్చింది. అక్కడ సందేహం ‘ఎవరు చేయించారు’ అన్నది కాదు. విమానాన్ని కదలనివ్వకుండా ఆపమన్న ఆదేశం ఎవరు ఇవ్వాలి, ఎవరు ఇవ్వలేదు, కమాండోలు సమయానికి ఎందుకు చేరలేదు అన్నది. చేతకానితనాన్ని శంకించడానికీ కుట్రను శంకించడానికీ కావలసిన సాక్ష్యం ఒకటి కాదు. శ్రీకాళహస్తి మిత్రులు చెప్పిన బీఎస్‌ఎఫ్ సంగతి ఆ మొదటి రకానికే సరిపోతుందని నాకనిపిస్తోంది.

సమాధానం 5 (చిత్తూరు, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

రేణిగుంట మిత్రులు అసలు కీలకాన్ని పట్టుకున్నారు. పట్టుబడిన వాడు ఇన్ఫార్మరుగా ఉంటానని నమ్మించి, పట్టుకున్న వాళ్లనే మోసం చేయడం సరిహద్దుల్లో కొత్తేమీ కాదు. అతను బీఎస్‌ఎఫ్ మాట ప్రకారం నడిచాడా, బీఎస్‌ఎఫ్‌ను బురిడీ కొట్టించాడా అన్నది ఆ ఒక్క సంగతితో తేలదు. రెండింటికీ అది సమానంగా సరిపోతుంది. నిషేధం త్వరగా రావడం కూడా అంతే. 1965 నుంచి పగ ఉన్న పొరుగుదేశం మీద చర్యల జాబితాను ఏ ప్రభుత్వమైనా దగ్గర పెట్టుకునే ఉంటుంది. అవకాశం దొరకగానే వాడుకోవడం వేరు, అవకాశాన్ని తయారుచేసుకోవడం వేరు. మన ప్రభుత్వం ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంది అన్నంతవరకు నేను గట్టిగా చెప్పగలను.

మాజీ అధికారుల రాతల విషయంలో నాకు కొంత బాధ కూడా ఉంది. యుద్ధం గెలిచిన తర్వాత, సంస్థకు పేరొచ్చిన తర్వాత, దశాబ్దాలు గడిచాక, “అది మా పనే” అని రాసినదాన్ని మన కుర్రాళ్లు గర్వంతో తలకెత్తుకుంటున్నారు. పాకిస్తాన్ కమిషన్ మన మీద మోపిన నేరాన్నే మనం ఘనకార్యంగా ఒప్పుకుంటున్నామన్న స్పృహ ఉండటం లేదు. విమానంలో ఉన్న ముప్పై మంది ప్రాణాలను పణంగా పెట్టిన పని అది. అంతటి మాటను దేశం తరఫున ఒప్పుకోవాలంటే జ్ఞాపకాలు చాలవు, ఆనాటి దస్త్రాలు కావాలి. హాషిమ్ తాను భారత ఏజెంటును కానని చెబుతూ వచ్చాడు. 2000 చివర్లో తిరిగి వచ్చినప్పుడు మన పోలీసులు అతన్ని అరెస్టు చేసి కేసు నడిపారు. అది కూడా రుజువు కాదు, కానీ ‘రా’ మనిషే అని నోట్సు రాయించేవారు ఆ సంగతిని దాచకూడదు.

ప్రశ్న అడిగినవారు (తిరుపతి)

అందరికీ కృతజ్ఞతలు. శ్రీకాళహస్తి అన్నగారు లేవనెత్తిన బీఎస్‌ఎఫ్ సంగతిని నేను జవాబులో తప్పక రాస్తాను, దాని పక్కనే అష్రఫ్ విడుదలను, హాషిమ్ అరెస్టును కూడా పెడతాను. హైజాక్ జరిగింది, నిషేధం వచ్చింది, దానివల్ల పాకిస్తాన్ సైనిక రవాణాకు ఇబ్బంది కలిగింది అన్న మూడింటిని నిశ్చయంగా రాసి, చేయించినవారి గురించి రెండు ప్రభుత్వాల వాదనలనూ ఎవరిది ఎవరిదో చెప్పి రాస్తాను. కోచింగ్ నోట్సులో ఆ వాక్యాన్ని కొట్టేశాను.

ఒక పని మిగిలింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1971 ఫిబ్రవరి దినపత్రికల సంపుటాలు చూడటానికి అనుమతి అడుగుతున్నాను. లాహోర్‌లో దిగిన రోజు నుంచి నిషేధం ప్రకటించిన మరునాటి వరకు, ‘ఏజెంట్లు’ అన్న ఆరోపణ మొదట ఎవరి నోట, ఏ తేదీన వచ్చిందో వెతకాలి. దొరికిన తేదీలను ఇక్కడే రాస్తాను. ఎవరి దగ్గరైనా ఆ వారపు పాత పత్రికలు ఉంటే దయచేసి తెలియజేయగలరు.